పడవ చెక్క మీద బాకీ

ఓడలరేవు దాటాక, సరుగుడు తోపులోంచి
సైకిలు దిగి నడిపించుకుంటూ పోతే
చక్రం ఇసకలో కూరుకుపోయిన చోటే
కాసులమ్మ పాక.

బోర్డు లేదు.
విరిగిన పడవ చెక్కొకటి గుమ్మానికి అడ్డంగా కట్టింది.
దాని మీద సగం చెరిగిన నంబరు,
నంబరు కింద సుద్దముక్కతో మా అందరి బాకీలు.
పేర్లు రాయడం ఆవిడకి రాదు.
పంటు నడిపే సూర్రావుకి తెడ్డు,
డ్రిల్లు మాస్టారికి ఈల,
ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కుని, నాకు
నాలుగు మూలల గడి. అంటే దిమ్మ.
గడి పక్కన గీతలు పెరిగే కొద్దీ
"కరిగిపోతన్నారండోయ్" అని నవ్వేది.

నాలుగింటికి కడలి పల్లయ్య కావిడి దింపేవాడు.
ఇంటిపేరే కడలి, మోకాలి లోతు నీళ్ళంటే భయం.
తాటిమట్టల మధ్య కూర్చుని
ఊరంతటినీ కిందికి చూసొచ్చిన మనిషి,
కెరటం కాస్త ముందుకొస్తే చాలు
బల్ల మీద కాళ్ళు ముడుచుకునేవాడు.
లొట్టిలో చీమ తేలితే వేలితో తీసి
"ఇదీ తాగింది, దీనికీ ఓ గీత పెట్టు కాసులూ."

బీరు కావాలంటే రొయ్యల పెట్టెలో చెయ్యి పెట్టాలి.
ఐసు నేను తెచ్చిందే,
ఫ్యాక్టరీలో పగిలిన ముక్కలు, గోనెలో.
మూత తీస్తే ముందు రొయ్య వాసన, తర్వాతే బీరు.
ఇప్పుడు చల్లటి గదుల్లో, తుడిచిన గ్లాసులో పోస్తారు.
ఏదో తక్కువయింది.
ఏం తక్కువో
వెయిటరుకి ఎలా చెప్పను?

ఎవరో అమలాపురం నుంచి కారేసుకొచ్చి పులస అడిగారు.
"అది ఏటి చేప బాబూ, అల్లుళ్ళ చేప.
ఇక్కడ సముద్రమే వండుతాం" అని
మెత్తళ్ళ వేపుడు ముందు పెట్టింది.
వాళ్ళు మూడు పళ్ళేలు తిని
నాలుగోది అడగడానికి మొహమాటపడ్డారు.
పీతల ఇగురు ఉన్నరోజు మాటలుండవు.
రోకలిబండ చేతులు మారుతూ ఉండేది,
టక్, టక్, మధ్యలో ఓ మూలుగు,
సముద్రం కూడా కాసేపు మా తర్వాతే.

ఒక కార్తీకంలో గాలి తిరిగింది.
ఆవిడ మరిది పడవ రాలేదు, ఇంకో రెండూ రాలేదు.
ఆ రాత్రి ఎవరం ఏమీ అడగలేదు.
లాంతరు చెక్కకి తగిలించి
ఆవిడ అన్నం వండుతూనే ఉంది, గంపెడు,
వచ్చేవాళ్ళ లెక్కకి.
డ్రిల్లు మాస్టారు నీళ్ళ అంచున నిలబడి
తెల్లారేదాకా ఈల ఊదాడు.
వచ్చారు, ముగ్గురికి ముగ్గురూ పడవల్లోనే వచ్చారు,
తడిసి, తిట్టుకుంటూ, ఆకలితో.
ఆరోజు చెక్క మీద ఒక్క గీతా పడలేదు.

నాకు తణుకులో పని దొరికింది.
ఏటేటా వెళ్దామనే అనుకున్నాను.
సముద్రం ముందు సరుగుడు మూడు వరుసలు తీసుకుందట,
తర్వాత పాక.
పాటు వేళ పొయ్యిరాళ్ళు కనిపిస్తాయంటారు.
నేను చూడలేదు.

మొన్న రాజోలు సంతలో
ఎండుచేపల గంప వెనక ఓ ముసలామె
నా నెరిసిన తల కేసి అదే పనిగా చూసి
పేరు అందక
గాలిలో వేలితో నాలుగు మూలల గడి గీసింది.
"పదకొండండి" అంది.

జేబు తడిమాను.
పాత ధరకే కట్టింది లెక్క,
మూడు గీతలు ఐసు కింద కొట్టేసింది,
మిగిలిన ఎనిమిదికీ చిల్లరతో సహా పుచ్చుకుంది,
నోటుని దీపానికి చూపించి మరీ.
చెక్క ఏమైందని అడిగితే
"అదెక్కడో తేల్తా ఉంటాదండి, ఆయ్,
సుద్ద నిలవదు గాని" అంది.

బస్సులో నా పక్కన కూర్చున్నాయన
ఒళ్ళోని కాగితం పొట్లాం వైపు ఓసారి చూసి
ముక్కు మూసుకుని లేచి వెనక్కి పోయాడు.
కిటికీ తీసి,
రెండు సీట్లూ నావే అన్నట్టు
కాళ్ళు చాపుకున్నాను.