కొట్టివేత

కార్డిఫ్‌లో కంపెనీల రిజిస్టరు ఆఫీసు, మూడో అంతస్తు.
పుట్టే కంపెనీలు నెరిస్ బల్ల మీదికి వెళ్తాయి,
పోయేవి నా దగ్గరికి వస్తాయి.
ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

మంగళవారం పొద్దున వచ్చిన పేరు:
బెనన్ బూట్ డ్రయర్స్, మిల్ఫర్డ్ రేవు.
ఎక్కడో విన్నాను అనుకునేలోపే గుర్తొచ్చింది.
ఒక ఆదివారం రాత్రి దేశమంతా విన్న పేరిది.

ఇద్వల్ బెనన్.
చేపల పడవలవాళ్ళ తడి బూట్లని
నలభై నిమిషాల్లో ఆరబెట్టే పెట్టె తెచ్చాడు.
టీవీలో ఐదు కుర్చీల ముందు నిలబడ్డాడు,
కొత్త సూటు, మోచేతి దగ్గర ఇంకా ఊడని లేబులు దారం.
మొదటి వాక్యమే మర్చిపోయాడు.
మా మెగాన్ సోఫాలోంచి అందించబోయింది,
తనకేదో తెలిసినట్టు.

నలుగురు వద్దన్నారు.
ఐదో ఆవిడ, రోసలిండ్ క్వార్మ్‌బీ,
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
అరవై వేల పౌండ్లు, ముప్పై ఐదు శాతం, అంది.
అతను గోడవైపు తిరిగి పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు.
చేతులు కలిశాయి. సంగీతం వచ్చింది.
మెగాన్ ముక్కు చీదింది.

ఇప్పుడు దస్త్రం తెరిస్తే
ఆ అరవై వేలు ఎక్కడా లేవు.
వాటాదారుల పట్టీలో వంద వాటాలు, ఒక్క ఇద్వల్.
చేయి కలిపిన చోట సంతకం పడలేదు.
లాయర్లు అడిగే ఉంటారు, పేటెంటు ఎవరి పేరున అని.
మా తమ్ముడి పేరున, అని
ఇతను నిజం చెప్పేసి ఉంటాడు.

తాకట్టు మాత్రం ఉంది.
ప్రసారమైన తొమ్మిదో రోజు తేదీతో,
బ్యాంకు పేరున, కంపెనీకున్న సమస్తం మీద.
అప్పటికే నాలుగు వేల ఆర్డర్లు.

ఆలస్యపు జరిమానా మాఫీ చేయమని రాసిన ఉత్తరం ఒకటుంది,
గీతల కాగితం మీద, నీలం సిరాతో:
'అయ్యా, పెట్టెలు ఫ్యాక్టరీ నుంచి దిగేసరికి జూన్ వచ్చింది.
జూన్‌లో బూట్లు వాటంతటవే ఆరతాయి.
కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి అడిగారు. ఇచ్చేశాను.'
నిల్వ సరుకు: లక్షా పద్దెనిమిది వేలు.
మరుసటి ఏడు అదే సరుకు: తొమ్మిది వేలు.
జరిమానా మాఫీ కాలేదు.

భోజనం వేళ, ఎవరూ చూడకుండా,
ఆవిడ పేరు వెతికాను.
తెర మీద చేయి కలిపింది, మెగాన్ లెక్క ప్రకారం, పదిహేడు సార్లు.
రిజిస్టరులో ఆవిడ పేరు ఎక్కింది ఆరు చోట్ల.
నాలుగు పోయాయి, నా చేతి మీదుగానే రెండు.
ఒకటి ఈడుస్తోంది.
ఆరోది, కుక్కలకి రెయిన్‌కోట్లు,
మిగిలినవాటి అంత్యక్రియల ఖర్చంతా పెట్టుకుని
ఇంకా బోలెడు మిగిల్చింది.
ఇవి కాక ఉపన్యాసాల కంపెనీ ఒకటి, పూర్తిగా ఆవిడదే.
గెలవడం ఎలాగో చెప్పడంలో
ఏ ఏడూ నష్టం లేదు.

అయినా చచ్చిన నాలుగింట్లో ఒకదాని చివరి పేజీలో
నలభై వేల అప్పు వదులుకున్నానని ఒక వాక్యం ఉంది.
ఆ వాక్యానికి సంగీతం పెట్టలేదెవరూ.

అదే ఎపిసోడ్‌లో ఇంకొకామె ఉండేది,
మార్గెడ్ ట్రెహార్న్, సముద్రపు పాచితో బిస్కట్లు.
ఒకాయన నోట్లో వేసుకుని రుమాల్లోకి ఊసేశాడు,
మేమూ నవ్వాం.
ఆమె కంపెనీ బతికే ఉంది. పదకొండో ఏడు.
ఉద్యోగులు ముగ్గురు. లాభం పద్నాలుగు వేలు.

నోటీసు తయారుచేశాను.
రెండు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు.
సాధారణంగా చెప్పరు.
మొదటి కాగితంలో అతని వృత్తి: ఆవిష్కర్త.
ఈసారి ఆ గడి ఖాళీగా వదిలాడు.
నింపాల్సిన గడి కాదు గనక నేనూ వదిలేశాను.

నాలుగింటికి నెరిస్ తన బల్ల మీంచి తల ఎత్తింది:
'మిల్ఫర్డ్ బెనన్ అంటే
నువ్వు పొద్దున గొణుగుతున్న ఆయనేనా?
ఇద్దరు అన్నదమ్ములు, సగం సగం వాటా.
ఈసారి చేతి గ్లవ్స్ అట.'

కిటికీ వైపు చూశాను.
వాన పడుతోంది,
ఇక్కడ ఎప్పుడూ పడేదే.