చల్లటి గొట్టం

బయట సున్నాకి ముప్ఫై ఒకటి కింద.
ఊపిరి కనురెప్పల మీదే గడ్డకట్టే ఉలాన్‌బాతర్ జనవరి.
లోపల, నా చేతులతో నేనే బిగించుకున్న పెట్టెలో
తొంభై ఏడు.

దానికి ఏ పనీ చెప్పలేదింకా.
ఖాళీ తెర, ఒక మూల గడియారం,
ఇంకో మూల ఆ అంకె.
తొంభై ఎనిమిది.
తొంభై తొమ్మిది.
టప్పున చీకటి.
తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుందట ప్రాసెసరు.
నాకా సదుపాయం లేదు,
శుక్రవారానికి వంతెన నమూనా ఇచ్చి తీరాలి.

ముందు అంకెనే అనుమానించాను.
జ్వరం ఎక్కువ చూపిస్తే థర్మామీటర్ని విదిలించినట్టు
ఇంకో ప్రోగ్రాం పెట్టి చూశాను.
అదీ అదే మాట,
సాక్షులిద్దరూ కూడబలుక్కుని వచ్చినట్టు.

తర్వాత బొగ్గుపొగ.
ఈ ఊళ్ళో ఏది చెడినా మొదటి తిట్టు దానికే.
కుంచె పెట్టి దులిపితే
ఫ్యాను రెక్కల మీద మసి, ఉన్నమాటే.
కానీ పెట్టె పుట్టి నాలుగు రోజులు.
నాలుగు రోజుల మసికి అంత పాపం అంటగట్టలేం.

తర్వాత పేస్టు.
కూలరు ఊడదీసి పాతది తుడిచేశాను.
అడుగుభాగం అద్దంలా మెరిసింది,
ఆ మెరుపు చూసి మురిసిపోయాను కూడా.
బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి
మళ్ళీ నొక్కి బిగించాను.
తొంభై ఏడు.

వోల్టేజి తగ్గించాను.
ఫ్యాన్లు మూడూ పూర్తి వేగానికి పెంచాను.
గదంతా విమానం లేవబోతున్న రొద,
ఎగరదు, దిగదు.

ఇక మిగిలింది దాష్‌జెవెగ్,
నరంతూల్ బజారులో నాకు సరుకు అమ్మినవాడు.
వాడేసిన చిప్పు తుడిచి కొత్తదని కట్టబెట్టావని
ఫోన్లో ఉతికి ఆరేశాను.
"తీసుకురా అక్కా, చూద్దాం" అన్నాడతను.
ఆ 'చూద్దాం' పూర్తయ్యే లోపే పెట్టేశాను.

రాత్రి పదకొండుకి తలుపు చప్పుడు.
కింది అంతస్తు న్యమ్‌దవా.
ముప్ఫై ఏళ్ళు ట్రాలీబస్సుల డిపోలో చేసినవాడు.
నా రొదకి ఆయనకి నిద్ర పట్టలేదు.
కళ్ళజోడు తెచ్చుకోలేదు, తెర వైపు చూడనేలేదు,
తెరిచి ఉన్న పెట్టెలోకి వంగి
రాగి గొట్టం మీద రెండు వేళ్ళు ఆనించాడు.

"చల్లగా ఉందే!"

తొంభై ఏడండీ, అన్నాను. ఏడుపు గొంతులోనే ఉంది.

"కుండ మాడుతోంది, గరిటె చల్లగా ఉంది.
అంటే ఏమిటి?
గరిటె కుండలో లేదన్నమాట."

నాలుగు మరలు, ఎదురెదురుగా విప్పాను.
కూలరు తిరగేసి దీపం కింద పెట్టాను.
పేస్టు తుడుస్తుంటే
ఒక అంచున చిన్న నాలుక లేచింది.
పారదర్శకమైన పొర, ఉల్లిపొర కన్నా పల్చన.
దాని మీద చీమతలలంత ఎర్ర అక్షరాలు:
బిగించే ముందు తీసివేయండి.
మూడు భాషల్లో ఉంది.
అందులో రెండు నాకు వచ్చు.

సర్రుమని ఊడొచ్చింది.
దాని కింది అసలు రాగి
అంతగా మెరవనే లేదు.

ముప్ఫై ఎనిమిది.
న్యమ్‌దవా అంకె కోసం ఆగలేదు,
ఫ్యాన్లు గొంతు తగ్గించడం విన్నాడు.
"హమ్మయ్య, పడుకోవచ్చు" అంటూ మెట్లు దిగిపోయాడు.
ఉప్పేసిన పాలచాయ్ చల్లారిపోయింది బల్ల మీద.
వంతెన తెల్లారేసరికి పూర్తయింది.

శనివారం నరంతూల్.
గోనెపట్టా వెనక దాష్‌జెవెగ్,
చేతులు మోచేతుల దాకా చొక్కాలోకి ముడుచుకుని.
ఇంకో ఫ్యాను కావాలన్నాను.
"ఎందుకక్కా, ఇంకా కాలుతోందా?"
"లేదు."

అతను ఇంకేమీ అడగలేదు.
నోట్ల మీద ఊపిరి ఊది, విడదీసి,
చిల్లర లెక్కపెడుతున్నాడు.
ఆ పొర నా జేబులో ఉంది, చూపిద్దామనే తెచ్చాను.
తీయాలంటే ముందు చేతితొడుగు విప్పాలి.
గాలేమో కత్తిలా ఉంది.
చిల్లర నా వైపు చాపాడు.

ఎడమ చేతిది విప్పాను.