తక్ పట్టీ వెనక

శివరాత్రి జాగారంలో, సగం నిద్రలో
రోజుకొక కవిత రాస్తానని ఒట్టేసుకున్నాను.
ఎవరూ వినలేదు గనుక తప్పుకోవచ్చు.
తప్పుకోలేదు.
నిన్నటికి ముప్పై ఏడు.
అందులో పదకొండింటిని
కవితలని నేనే ఒప్పుకోను.

ఎనుమాముల యార్డులో
అడ్తి కొట్టు చిట్టాలు రాసే పని నాది.
పొద్దున ఏడింటికి గేటు దాటగానే
చెయ్యి కన్నా ముందు ముక్కుకు పని.
తుమ్ము మీద తుమ్ము.
మిర్చి దిగే నెలల్లో ఇక్కడ
ఎవరికి ఘాటెక్కిందో, ఎవరు ఏడుస్తున్నారో
పోల్చుకోవడం కష్టం.
మొదటి వారం అదే రాశాను.
రెండో వారమూ అదే రాశాను.
తర్వాత ఘాటు అయిపోయింది.

కాగితానికి మాత్రం కరువు లేదు.
తక్ పట్టీ ముందువైపు
రైతు పేరు, ఊరు, బస్తాలు, కిలోలు, ధర.
వెనకవైపు ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేనిదాన్ని చూస్తూ
టీ చల్లారబెట్టుకోవడం అలవాటైంది.

జెండా పాటలో ఒక్క కుప్పకు
ఆ రోజుకల్లా పెద్ద ధర పలుకుతుంది.
ఫోటోలు దిగుతారు.
మిగిలిన వేల బస్తాలు
ఎక్కడో దాని కిందే తెగుతాయి.
నాకూ అలాంటి వాక్యం ఒకటి పడాలని
ఒక రోజంతా కూర్చున్నాను.
పడలేదు.
రాత్రి హన్మకొండ బస్సులో
కండక్టర్ చిల్లర లేదన్న మాటనే రాసుకొని
తారీఖు వేసి పడుకున్నాను.

చాట కూలీ ఓదెమ్మ అడిగింది ఒకనాడు:
"ఏందక్కా, పెన్ను నాకుతున్నవ్?"
మాట దొరకట్లేదన్నాను.
చాట ఆపకుండనే అన్నది,
"మంచి కాయ ఖరీద్దారు కొంటపోతడు.
నువ్వు తాలు ఏరుకో."

తాలంటే
ఎండకు తెల్లబోయిన కాయ,
వానకు మచ్చపడ్డ కాయ,
సగం ధరకు కూడా బతిమాలించుకునే కాయ.

అప్పటి నుంచీ ఏరుతున్నాను.

దడ్వాయి సమ్మయ్య బస్తాలు లెక్కబెడుతూ
ఒకటి అనడు, లాభం అంటాడు.
మందుల షాపు బాకీ మనసులో కూడుకుంటున్న
మనిషి ఎదురుగా నిలబడి
లాభం, రెండు, మూడు, నాలుగు...

రాత్రే వచ్చి బస్తాల మీదే పడుకున్న ఒకాయన
తువ్వాల మొహం మీద కప్పుకున్నాడు.
పిడికిట్లో టార్చిలైటు
పదకొండు గంటల ఎండలో
ఇంకా వెలుగుతూనే ఉంది.
ఆపుదామని వంగాను,
ఆపలేదు. ఎందుకో రాయడం కూడా రాలేదు.

ములుగు రోడ్డు ఆటోలో
ఎదురు సీటు పిల్ల ప్రతి బోర్డూ పైకి చదువుతూ
'ప్రొప్రైటర్' దగ్గర తట్టుకొని
వాళ్ళమ్మ మొహం చూసింది.
వాళ్ళమ్మ కిటికీలేని ఆ పక్కకు చూసింది.

ఇట్లాంటివే. కిలో ఎక్కని సరుకు.
కొన్ని రోజులు అదీ ఉండదు.
ఆరోజు పేర్లు రాసుకుంటాను:
తేజ, వండర్ హాట్, చపాటా, దేశీ.
పేర్లు రాస్తే కవిత కాదని తెలుసు.
ఒట్టు ఒట్టే.

మొన్న పొరపాటైంది.
పరకాల దిక్కు రైతు మొగిలి తక్ పట్టీ
నా గీతలతో సహా ఆయన ఊరికి పోయింది.
ఇవాళ వెతుక్కుంటూ వచ్చాడు.
"ముందట లెక్క సరిపోయింది బిడ్డా.
గీ ఎనుక రాసింది ఏంది?
ఎన్ని కిలోల తరుగు?"

తరుగు కాదన్నాను.

"మరి పైసలేమన్న కలుస్తయా?"

కలవవు అన్నాను.

కాసేపు ఆలోచించాడు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
అంగి లోపలి జేబులో దాచుకున్నాడు,
ఏ వైపు పైకి ఉందో చూడలేకపోయాను.
"ఎవలు అడగలే,
దేనికి రాసినవ్ మరి?"
అని నన్ను కాదు, జేబును అడిగినట్టు అడిగి
బస్టాండు బాట పట్టాడు.

ఈ పూట నా దగ్గరున్నది ఆ ప్రశ్న ఒక్కటే.
కొత్త పట్టీ తిరగేసి రాసుకున్నాను.
కింద వేరే ఏమీ తోచలేదు.
సంఖ్య వెయ్యాల్సిన చోట ముప్పై ఎనిమిది కొట్టేసి
లాభం అని రాశాను.
అవతల కాంటా దగ్గర
సమ్మయ్య నా పేరు పెట్టి అరుస్తున్నాడు.