ఆగిన చోట

ఆ శనివారం సాయంత్రం ఆటోనగర్ నుంచి
టర్పెంటైన్ వాసనతో వచ్చావు.
గోళ్ళ కింద పసుపురంగు,
చెవి వెనక ఒక ఎర్రగీత.
ఎన్ని బళ్ళు రాశావంటే
ఒక్క వేలు చూపించావు.

స్టిక్కర్లొచ్చాక అందరూ అటే పోయారు.
అయినా తాడేపల్లి ఓనరొకాయన
జీవరత్నం చేత్తో రాస్తేనే
లారీకి మొహం వస్తుందంటాడు.
నిజమే.
బ్రష్షు పట్టిన నీ చెయ్యి తడబడగా
నేనేనాడూ చూడలేదు.
సొట్టపడ్డ రేకు మీద కూడా
గుడి కానీ ఒత్తు కానీ
ఒక్క ఊపిరిలో తిప్పేస్తావు.

నాలుకే,
నిన్ను గుమ్మంలో నిలబెట్టేస్తుంది.

మన పెళ్ళినాడు
అయ్యగారు ఒక్కో ముక్కా చెప్పి నీతో అనిపిస్తుంటే
నా పేరు దగ్గర ఆగిపోయావు.
సు... సు...
గుడంతా ఊపిరి బిగబట్టింది.
వెనక బెంచీలో ఎవరో పిల్లాడు కిసుక్కుమన్నాడు.
మా మేనమామ ఉండబట్టలేక
"సువార్త" అని నీ బదులు అనేశాడు.
నన్ను పెళ్ళాడింది నువ్వా మావయ్యా అని
ఇప్పటికీ ఏడిపిస్తుంటాను నిన్ను.

ఆరోజు అమ్మగారు నా చెయ్యి పట్టుకుని
"అతనికి సాయంగా ఉండమ్మా" అన్నారు.
ఉన్నాను.
పంతొమ్మిదేళ్ళు నీ మాటలకు చివరలు కుట్టాను
రేషన్ షాపులో, బ్యాంకు కిటికీ దగ్గర,
పిల్లదాని స్కూల్లో,
ఆఖరికి రాత్రి ప్రార్థనలో కూడా.
నువ్వు ప్ర... ప్ర... అంటుంటే
"ప్రభువా" అని నేనే అందుకునేదాన్ని,
ఆయనకేదో టైం లేనట్టు.

ఎండాకాలంలో కరెంటు పోయిన ఒక రాత్రి
నువ్వన్నావు, చాలాసేపు తీసుకుని,
"నా మాట... న... నన్ను అననివ్వు."
చీకటి కాబట్టి సరిపోయింది.
నా మొహం నువ్వు చూళ్ళేదు.

అందుకే అయ్యగారు ఆదివారం పాఠం నీకిచ్చినప్పుడు
"వేరేవాళ్ళకివ్వండయ్యా" అనే మాట
నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.
"చదువుతాడు" అన్నాను.
అదీ నీ బదులే అన్నాను, ఏమనుకోకు.

ఆ రాత్రి నువ్వు మంచమ్మీద కూర్చుని చదువుతుంటే
నేను చేటలో కందిపప్పు ఏరుతున్నాను.
"సహోదరులారా" దగ్గర కొండ అడ్డమొచ్చింది.
ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు.
పుస్తకం మూసేశావు.
నేను తెరిచి మళ్ళీ నీ ఒళ్ళో పెట్టాను.
రాసినట్టు అను, అన్నాను.
తొడ మీద వేలితో 'స' రాసుకో,
రాయడమయ్యాక అను,
ఎవడు తరుముతున్నాడు?

పొద్దున తెల్లచొక్కా.
ఎంత తోమినా పోని పసుపు.
ఆడవాళ్ళ వైపు మూడో వరసలో నేను.
మైకు కీచుమంది.
నువ్వు ఆగావు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
ఏలూరు కాలవ వంతెన మీద ఏదో లారీ
హారన్ కొట్టుకుంటూ పోయింది,
నీ అక్షరాలు మోసేదేనేమో.
రత్నకుమారి వదిన నా వైపు చూసింది.
నా నాలుక పళ్ళ వెనక్కి వెళ్ళి కాచుకుంది.
కొంగు కొరికి పట్టుకున్నాను.
ఊరికే కూర్చోవడమంత బరువు పని
నా జన్మలో చెయ్యలేదు.
బల్ల వెనక నీ చెయ్యి ఎవరికీ కనబడదు.
అది రాస్తోందని నాకు తెలుసు.

"సహోదరులారా"
వచ్చింది.
కాలవగట్టు మీద రిక్షాలా ఎగిరెగిరిపడుతూ వచ్చింది.
తర్వాత ఇంకో రెండుసార్లు ఆగావు.
ఒక వరస వదిలేశావు,
వదిలేశావని తెలిసి వెనక్కెళ్ళి చదివావు.
నాకదే మరీ నచ్చింది.

గుడి బయట ఎవరో
"బాగా చదివాడమ్మా మీ ఆయన" అన్నారు.
నాకెందుకు, ఆయనకే చెప్పండి, అన్నాను.

మధ్యాహ్నం.
పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది.
ముందుగదిలోంచి నువ్వు
సు... సు...
ఎప్పుడూ మొదటి 'సు'కే పరుగెత్తుకొచ్చేదాన్ని.
గరిటె పట్టుకుని నిలబడ్డాను.
గంజి పొంగి మంట మీద పడుతోంది,
పడనీ,
నా పేరు నాకివాళ
పూర్తిగా కావాలి.