బొటనవేలు

పంతొమ్మిదేళ్ళుగా నాది చీకటిగదిలో కొలువు.
పెరంబూరు ఆస్పత్రిలో ఎక్స్-రే మిషను.
ఈ ఊరి చేతులు ఎన్ని నా బల్ల మీద వాలాయో:
చేపలు కోసేవి, లేతు తిప్పేవి,
గోరింటాకు ఎరుపైనా దిగకముందే విరిగిన ఒక పెళ్ళికూతురిది.
ఏ చేతికైనా ఇరవై ఏడు ఎముకలే.
గుండె ఫోటోకి వచ్చినవాళ్ళతో
"ఊపిరి బిగబట్టండి" అంటాను,
ఎక్కువగా తమిళంలో, అప్పుడప్పుడు తెలుగులో.
"ఆఁ, ఇక వదలండి."

జూలైలో ఆరోక్యం వచ్చాడు.
గోడల మీద అక్షరాలు రాసే మనిషి.
నిచ్చెన జారి కుడి మణికట్టు విరిగింది.
ఫిల్ముని దీపానికెత్తి చూసి
"నాకు కూడు పెట్టింది ఇదా! ఇంత సన్నగానా!" అన్నాడు.
కట్టు కట్టేదాకా ఊరుకోలేక
ఎడంచేత్తో నా రిజిస్టరు అట్ట మీద కాకిని గీశాడు.
కాకి రాలేదు. తెగిన చెప్పుకి రెక్కలు మొలిచాయి.
"ఎడంచెయ్యి ఇవాళే బళ్ళో చేరిందమ్మా" అని
అంత నొప్పిలోనూ పకపకా నవ్వాడు.
సిగ్గన్నదే లేదు.

ఆ సిగ్గులేనితనం మీద నాకు అసూయ పుట్టింది.

శనివారం ప్యారిస్‌లో ఒక స్టేషనరీ కొట్టు.
రెండు పెన్సిళ్ళు, ఒక రబ్బరు, దళసరి కాగితాల పుస్తకం.
"పిల్లలకా అక్కా?" అన్నాడు కొట్టబ్బాయి.
అవునన్నాను.
నలభై ఎనిమిదేళ్ళ మనిషిని,
ఆ అబద్ధాన్ని చిల్లరతోపాటు పర్సులో వేసుకున్నాను.

గిన్నెలు తోమాక, వంటింటి గట్టు మీద
నా ఎడంచేతినే నా ముందు కూర్చోబెట్టాను.
తెలిసిన చెయ్యే కదా!
గీస్తే నాలుగు బెండకాయలు, ఒక ఆలుగడ్డ,
పక్కన ఏమిటో తెలియని మొలక ఒకటి.
తప్పెక్కడో రెండోవారానికి తట్టింది.
చూసింది గియ్యడం లేదు నేను, తెలిసింది గీస్తున్నాను.
ఎముక ఎక్కడ అతుక్కుందో నిద్రలో లేపినా చెబుతాను,
చర్మం ఎక్కడ మడత పడుతుందో ఎన్నడూ చూడలేదు.
చిటికెనవేలి పక్కన నూనెచుక్క కాల్చిన మచ్చ.
ఎన్నాళ్ళయిందో అది అక్కడ!

నా ఫిల్ము మీద తెలుపంటే ఎముక, నలుపంటే గాలి.
ఇక్కడ నలుపు నేను పెట్టేది,
తెలుపు నేను ముట్టుకోకుండా ఉండాల్సింది.
ముట్టుకోకుండా ఉండటం చేతికి చెబితే వింటుందా?
రుద్దుతుంది, చెరుపుతుంది, మళ్ళీ రుద్దుతుంది.
కాగితం దూదిలా లేచి చిరిగేదాకా.

మణికట్టు నుంచి వేలికొస దాకా గీత లాగుతూ
ఊపిరి బిగబట్టానని ఒక రాత్రి తెలిసింది.
వదలమని చెప్పేవాళ్ళు లేరు.
నేనే చెప్పుకున్నాను, పైకే.
"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు మా ఆయన పక్కగదిలోంచి.

నవంబరు ముసురులో రంగులు మొదలెట్టాను.
పన్నెండు బిళ్ళల డబ్బా, వెంట్రుకలు రాలే కుంచె.
నీలం వెళ్ళి గోధుమరంగులో పడి
మా వీధిలో నిలిచిన నీళ్ళ రంగయింది.
ఈ ఊరి తేమకి ఏదీ ఆరి చావదు.
ఫ్యాను కింద పెట్టి పడుకుంటే
తెల్లారేసరికి నేను వెయ్యని ముదురు అంచొకటి
అరచేతి చుట్టూ ఏర్పడి ఉంది.
బొమ్మ మొత్తంలో నాకు నచ్చింది అదే.

పుస్తకం నిండితే ఇంకోటి కొనడానికి వెళ్ళాను.
"పిల్లలు ఎలా వేస్తున్నారక్కా?"
"బొటనవేలు రావట్లేదు" అన్నాను.
చిల్లర లెక్కపెడుతూ కొట్టబ్బాయి
నా గోటికింది నీలాన్ని చూశాడు.
"అది ఎవరికీ తొందరగా రాదక్కా" అన్నాడు,
పిల్లల మాట మళ్ళీ ఎత్తలేదు.

తిరుగు బస్సులో కమ్మీకి వేలాడే చేతులు.
తడిసిన గాజులవి, గ్రీజు అంటినవి, టికెట్టు మడిచి పట్టుకున్నవి.
నాలుగు వేళ్ళు ఒకవైపు,
అదొక్కటే ఎదురుగా వచ్చి పట్టుకుంటోంది.
దాని గోరు అసలు మిగతావాటితో కలిసి చూడదు,
పక్కకి చూస్తుంది.
ఇన్నాళ్ళూ దాన్ని
మెడ విరిచి నావైపు తిప్పుతున్నాను.