ఎడమచేతి ఇటుక

దర్శి దాటాక రోడ్డు మాట్లాడటం మానేస్తుంది.
అటూ ఇటూ సుబాబుల్. మధ్యలో మా ఆటో.
ముందు కాశింవలి,
వెనక నేనూ, నా సంచీ, ఇరవై లీటర్ల నీళ్ల క్యానూ.
"ఈ పక్క బోరునీళ్లు తాగమాకండి మేడం.
మా నాయన నడుం వంచింది ఆ నీళ్లే."

ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పాను.
పాఠంలో చందవరానికి రెండున్నర వాక్యాలు.
ఆ అర వాక్యం దగ్గరే ఎప్పుడూ గంట కొట్టేవాళ్లు.
"మీరు చూశారా టీచర్?" అని
ఒక పిల్ల, తిరుపతమ్మో తిరుపాలమ్మో, అడిగింది ఒకసారి.
చూశానన్నాను.
ఆ అబద్ధానికి ఇవాళ కిరాయి పదహారు వందలు.

దొనకొండలో ముందు ఏరోడ్రోమ్ చూపించాడు.
యుద్ధం రోజుల్లో విమానాలు ఇక్కడ ఆగి నూనె తాగేవట.
ఆ "అట"ని గట్టిగా ఒత్తి పలికాడు,
తన పూచీ లేదన్నట్టు.
నేల పగుళ్లలో జిల్లేడు.
ఒకామె మేకల్ని తోలుకుంటూ నేరుగా వస్తోంది,
దిగే చోటు ముందే తెలిసినట్టు.
"ఏం చూట్టానికి వచ్చారమ్మా?"
చేత్తో ఆ ఖాళీని చూపించాను.
ఆమె కూడా కాసేపు చూసింది. మర్యాదకి.

మీటరుగేజి నాటి ఇంజన్ల షెడ్డు గోడకి
మసి ఇంకా ఉంది. వేలితో రుద్దాను.
అంటింది.

చందవరం గుట్ట ఎక్కేసరికి పదకొండు.
ఒక్కో మెట్టుకీ మోకాళ్లు హాజరు పలికాయి.
కింద గుండ్లకమ్మ, నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ.
పైన స్తూపం.
బోర్లించిన కుండ అని
ఏటా బోర్డు మీద గీసి చెప్పిన నాకు
అది కుండలా లేదు.
ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన చోటులా ఉంది.
శాతవాహనులు, ప్రదక్షిణ పథం, అన్నీ రాసుకొచ్చాను.
కాగితం సంచిలోనే ఉండిపోయింది.

కాశింవలి చెప్పులు విడిచి
ఒక ఇటుక ముందు గొంతుక్కూర్చున్నాడు.
పచ్చిమీద ఎవరివో నాలుగు వేళ్లు దిగిన గుంటలు.
తన వేళ్లు ఆనించి చూశాడు. కుదరలేదు.
చెయ్యి మార్చాడు.
"ఎడమచేతోడు మేడం.
అచ్చులోంచి తీస్తంటే జారింది, ఇట్టా పట్టుకున్నాడు.
మేస్త్రీ చూడకుండా మజ్జెలో కలిపేసుంటాడు.
ఆరేళ్లు బట్టీలో చేశాగదా, ఇట్టాంటియ్యి మేమూ దాస్తాం."

మేస్త్రీ చూడలేదు.
ఆ తర్వాత వచ్చిన అంతమంది పండితులూ చూశారో లేదో.
నాకైతే కొలతలు తెలుసు, వేళ్లు తెలియవు.

తిరుగుదారిలో ఒక మైలురాయి,
నడుం దాకా భూమిలో, అంకె చెరిగిపోయి.
ఇంజను చల్లారేదాకా దాని పక్కనే ఆగాం.
క్యానులో నీళ్లు తాగి, మిగిలిన గుక్కెడు
రాయి మీద పోశాడు కాశింవలి. ఎందుకో అడగలేదు.

ఆ పిల్ల తిరుపాలమ్మే. ఇప్పుడు గుర్తొచ్చింది.
పలక ఒళ్లో పెట్టుకుని
ఎడమచేత్తో రాసేది.
నేనే మాన్పించాను.