పసుపుదానికి అద్దం

కాశీబుగ్గ బస్టాండు పార్శిల్ కౌంటర్లో
థర్మోకోల్ పెట్టెకి చెవి ఆనించి విన్నాడు గుమస్తా.
"ఏటి బావూ, అలికిడే నేదు."
చేప అరవదండీ, అని సంతకం పెట్టాను.

ముప్పై రెండు రోజులయింది.
అప్పట్నుంచీ వెనక గదిలో, మంచం పక్కన,
నీలం టబ్బులో నీలం టాంగ్.
టార్చి వేసి రోజూ దాని ఒళ్ళంతా వెతికాను
ఉప్పురవ్వంత మచ్చయినా ఉందేమోనని.
దమయంతి నిద్రలేస్తూనే వంగి చూసేది:
"తిన్నాడా మీ చుట్టం?"

ముందుగదిలో అయిదడుగుల తొట్టి.
నీళ్ళు అక్కుపల్లివి.
రెండు వారాలకోసారి బండికి క్యాన్లు కట్టుకెళ్ళి
కెరటం విరిగే చోటు దాటి
మొలలోతులో ముంచి తెచ్చినవి.
అందులో పసుపుది ఒక్కతే.

తిత్లీ కొట్టిన రాత్రికి పన్నెండుండేవి.
జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి.
నాది బ్యాటరీల కొట్టు,
అయినా మూడో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.
ఊరంతా ఫోన్లు పట్టుకుని గుమ్మంలో నిలబడితే
ఎవర్ని కాదంటాను?
ఆ తర్వాత సైకిలు పంపు.
నేనో వెయ్యి, కుర్రాడు ఢిల్లేశు ఓ వెయ్యి,
లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.
వీధిలో దీపం వెలిగిన రోజున
పసుపుది మాత్రం
పక్కకి ఒరిగి, మొప్ప కొట్టుకుంటూ.

అందుకే దాన్ని తిట్టలేను.
నత్త కదిలినా తోక తిప్పుతుంది.
ఆ తోక మొదట్లో మడతచాకు,
గోరంత, తెల్లన.
నా ముంజేతి మీది గీత దాని సంతకమే.

సాయంత్రం రాళ్ళన్నీ మార్చేశాను.
గుహ ఉన్నచోట ఇసక, ఇసక ఉన్నచోట మెట్ట.
దారులన్నీ తప్పితే
పాతదీ కాసేపు కొత్తదే కదా అని నా లెక్క.
సెలైన్ గొట్టానికి ముడి వేసి
ఆ నీళ్ళు ఈ నీళ్ళలోకి చుక్క చుక్కగా గంటన్నర.
దీపాలార్పి వదిలాను.

నా లెక్క అరనిమిషం నిలిచింది.
పసుపుది పక్కవాటుగా వచ్చింది, చాకు విప్పి.
నీలంది మోటారు వెనక దూరి
రంగంతా పోగొట్టుకుని
పాత చొక్కాలా వేలాడింది.
చెయ్యి పెట్టబోయాను, ఢిల్లేశు పట్టుకున్నాడు.
దమయంతి మాట్లాడకుండా వెళ్ళి
గోడకున్న అద్దం తెచ్చి
తొట్టి పక్కన ఆనించింది.

అంతే, పసుపుదానికి ఇంకేం కనపడలేదు.
అటు చివర ఇంకో పసుపుది!
తనంత పొడవు, తనంత కోపం,
తను వెనక్కి తగ్గితేనే తగ్గుతుంది.
రాత్రంతా గాజుని కొడుతూనే ఉంది.

పొద్దున కవళ్ళ గంప దించి గున్నమ్మ చూసింది.
"కూరకి రాని సేపకి ఇంత కతేటి?" అని నవ్వింది.
పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.
"మావోడు ఈరావల్లో కొత్త బోటెక్కితే
మూడ్రోజులు ఒక్కడూ మాటాడ్నేదట.
నాలుగోనాడు వల సిరిగింది.
అందరూ కూకుని కుట్టుకున్నారు."

నాలుగోనాడు మాకేం చిరగలేదు.
రెండు చివర్లా క్లిప్పులకి ఎండునాచు పెట్టాను.
నీలంది వచ్చి ఒక ముక్క లాగి పారిపోయింది.
పసుపుది చూసింది.
మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

"పెళ్ళికెళ్ళాలి, నా అద్దం నాకియ్యండి" అంది దమయంతి.
తీశాను.

పసుపుది ఆ చోటే తిరిగింది
ఆ పూటంతా.
కొట్టలేదు. వెతికింది.
నేను నాలుగు రోజులు శత్రువనుకున్నదాన్ని
అది ఏమనుకుందో.

అద్దం నుంచి ఊడిన బొట్టుబిళ్ళ ఒకటి
గాజుకి అంటుకుపోయి ఉంది, ఎర్రగా.
రాత్రి దీపం ఆర్పబోతే
పసుపుది దాని ఎదురుగా నిలబడి ఉంది.
జానెడు వెనకాల,
ఏముందక్కడ అన్నట్టు,
నీలంది.